ఎండుచేపల కాగితాల్లో బొమ్మల కథలు

ఐదో నెల నిండకముందే గర్భసంచి మూతి వదులైందని కావలి డాక్టరమ్మ కుట్టు వేసింది. ఇంటికి పంపేటప్పుడు మా అత్తను లోపలికి పిలిచి, "కాళ్ళ వైపు మంచం కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టండి. బాత్‌రూమ్‌కు తప్ప లేవనీయొద్దు. కాన్పు దాకా ఇంతే" అని చెప్పింది. అంతకుముందు రెండుసార్లు నాకు కడుపు నిలవలేదు. రెండూ నాలుగో నెలలోనే పోయాయి. అందుకని డాక్టరమ్మ మాటలో ఒక్క ముక్క కూడా మా అత్త కింద పడనీయలేదు. ఆటో దిగగానే నన్ను గదిలోకి నడిపించి, పెరట్లోంచి ఇటుకలు తెచ్చి, ఒక చేత్తో మంచం ఎత్తిపట్టుకుని, కాలితో ఇటుకలను కోళ్ళ కిందికి నెట్టింది. తల పల్లానికి, కాళ్ళు మెరకకు. ఆ రోజు నుంచి నాలుగు నెలలు నేను లోకాన్ని ఆ వాలు నుంచే చూశాను.

మాది జువ్వలదిన్నెలో మూడు గదుల స్లాబు ఇల్లు. ఇంట్లో మా అత్త, మా ఆయన, నేను. మామ నేను కాపురానికి రాకముందే పోయాడు. మా ఆయన మరబోటు మీద వేటకు పోతాడు. పోయాడంటే వారం, ఒక్కోసారి పది రోజులు. మా అత్త ఎండుచేపల వ్యాపారం చేస్తుంది. పొద్దున్నే నెత్తళ్ళు ఎండేసి వచ్చి, సంత ఉన్న రోజు తట్ట ఎత్తుకుని బస్సెక్కి పోతుంది.

నా మంచం వెనక గదిలో ఉండేది. దానికి ఒకే కిటికీ. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. ఆ గోడకూ మా గోడకూ మధ్య పిల్లి నడిచేంత సందు. సముద్రం చప్పుడు వినపడేది, కనపడేది కాదు. నేను పుట్టి పెరిగింది పులికాట్ ఒడ్డున. మా పుట్టింట్లో ఏ మూల కూర్చున్నా సరస్సు నీళ్ళు కంటి కొసన మెరుస్తూనే ఉంటాయి. ఇక్కడ స్లాబు మీద ఇనుప చువ్వ తుప్పుపట్టి దిగిన ఎర్రటి మరక ఒకటి ఉంది. పడుకున్నదాన్ని పడుకున్నట్టే దాన్ని చూస్తుండేదాన్ని.

మొదటి రెండు వారాలు మాత్రం నేను ఆ గదిలో లేను. నా ఫోన్లో ఉన్నాను.

ఫోన్లో బొమ్మల కథలు చదవడం నాకు సూళ్ళూరుపేటలో డిగ్రీ చదివేటప్పుడు అలవాటైంది. హాస్టల్లో మా గదిలో నలుగురం. అందులో ఒకతె అచ్చు పుస్తకాలే కొనేది. చెన్నైలో ఉన్న వాళ్ళ మేనమామ దగ్గరికి పోయినప్పుడల్లా రెండు మూడు తెచ్చుకుని, వాటికి పేపరు అట్టలు వేసి, నూనె చేతులతో ముట్టుకుంటే కయ్యానికి వచ్చేది. పుస్తకం తెరవగానే ముందు వాసన చూసేది. బొమ్మను చూడాలంటే దూరంగా పట్టుకోవాలి, దగ్గరగా పట్టుకోవాలి, వెనక్కి తిప్పాలి, ఫోన్లో ఏముంది గాజు తప్ప అనేది. నాకు ఫోనే నచ్చేది. దానికి కారణం కథ కాదు. ఆడపిల్ల పుస్తకం కొనుక్కుంటే దాన్ని పెట్టుకోవడానికి ఇంట్లో ఒక చోటు కావాలి. ఇంత పెద్దదానివి ఇంకా బొమ్మల పుస్తకాలేంది అని ఎవరో ఒకరు అంటారు. ఫోన్ పట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు. అమ్మతో మాట్లాడుతున్నాననుకుంటారు.

మంచం పట్టేనాటికి నేను ఒక కథలో పూర్తిగా మునిగి ఉన్నాను. ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో గడియారాలు బాగుచేసే ఒకమ్మాయి, చిన్నప్పుడు ఇల్లొదిలిపోయిన అక్కను వెతుక్కుంటూ పోతుంది. ఇంగ్లీషులో, ప్రతి శుక్రవారం ఒక భాగం వచ్చేది. అక్షరాలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. వేలితో పైకి తోస్తుంటే మంచు కిందికి రాలుతూనే ఉండేది. వేలు ఆపితే మంచు ఆగేది. చెమటకు జాకెట్టు వీపుకు అంటుకుపోయిన మధ్యాహ్నాల్లో ఆ తెల్లటి వీధుల్లో తిరిగి వచ్చేదాన్ని.

మూడో శుక్రవారం ఫోన్లో ఛార్జింగ్ లేదు. ప్లగ్గు తలవైపు గోడకు ఎత్తులో ఉంది. వైరు పొట్టిది. వైరు అందేలా ఫోన్ పట్టుకోవాలంటే మోచేతి మీద లేవాలి. లేచాను. ఆ వారం భాగంలో చెల్లెలు అక్క ఇంటి తలుపు తట్టింది. లోపల దీపం వెలిగింది. కథ అక్కడ ఆపారు. నేను వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి కింద తడి తగిలింది. చేయి పెట్టి చూసుకుంటే ఎరుపు.

మా అత్తను కేకేశాను. ఆమె వచ్చి చూసింది, నా మొహం చూడలేదు, ప్లగ్గుకు వేలాడుతున్న ఫోన్‌ను చూసింది. ఆటో పిలిపించి నన్ను కావలికి తీసుకుపోయింది. డాక్టరమ్మ స్కాన్ చేసి, బిడ్డ గుండె బాగానే ఉంది, కదలకుండా పడుకోమంది. ఫోన్ గురించి ఆమె ఏమీ అనలేదు. మా అత్త అడగనూ లేదు.

ఇంటికి రాగానే ఫోన్‌ను ప్లగ్గు నుంచి లాగి, బీరువాలో చీరల కింద పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్డులో దోపుకుంది.

"అత్తా, ఫోనేం చేసినాది?"

"లేయబాకని డాక్టరమ్మ జెప్పినాదా లేదా? ఎందుకు లేచినావు? దానికోసరం లేచినావు."

"ఇంకెప్పుడూ లేవను. పండుకోనే చూస్తా."

"కాన్పయినాక తీసుకో. నేనేం అమ్ముకోను."

నేను గొడవ చేయలేదు. చేయలేకపోయాను. లేచింది నిజం, రక్తం కనపడింది నిజం. రెంటికీ సంబంధం ఉందో లేదో నాకూ తెలియదు. ఉందేమోనన్న భయం నన్ను ఇంకో గోడలా అదిమి పెట్టింది. మా అమ్మ ఫోన్ చేస్తే అత్త తన చిన్న ఫోన్ నా చెవి దగ్గర పట్టుకునేది. ఆమె పక్కన నిలబడి ఉండగా మా అమ్మకు ఏమి చెప్పుకోను? "బాగుండాను మా" అనేదాన్ని. మా అమ్మ కూడా, "మీ అత్త జెప్పినట్టు విను" అని పెట్టేసేది.

మా ఆయన వేట నుంచి వచ్చినప్పుడు మంచం పట్టె మీద కూర్చునేవాడు. నా కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని ఒక చేత్తో పిసుకుతూ, రెండో చేత్తో తన ఫోన్లో వీడియోలు చూసి నవ్వుకునేవాడు.

"నాకు ఒక్క పది నిమిషాలు ఫోన్ ఇయ్యి," అన్నాను ఒకసారి.

"మా యమ్మ చూసిందంటే నన్ను తిడతాది."

"ఆమె సంతకు పోయుండాది గదా."

"పోతే మాత్రం? వచ్చి నీ మొగం జూసి కనిపెడతాదిమే." మళ్ళీ నవ్వొచ్చింది అతనికి. "ఇదిగో, ఇది జూడు" అని ఫోన్ నావైపు తిప్పాడు. ఎవరో కుర్చీలోంచి పడిపోతున్నారు. అతని నవ్వు అయిపోగానే ఫోన్ మళ్ళీ అటు తిరిగింది. అతను చెడ్డవాడు కాదు. నా కాళ్ళు పిసికినట్టు ఆ వాడలో ఏ మొగుడూ పిసకడు. కానీ ఆ రోజు ఆ కాలితోనే అతన్ని తన్నాలనిపించింది.

ఇక మిగిలింది స్లాబు మీది మరక. ఇంకా, గది మూలన పాత కాగితాల గుట్ట.

మా అత్త ఎండుచేపలు కట్టివ్వడానికి పాత కాగితాలు కిలోల లెక్కన కొనుక్కొచ్చేది. ముందు గదిలో పెడితే ఉప్పుగాలికి మెత్తబడతాయని వెనక గదిలో పెట్టేది. పేపర్లు, పిల్లల పరీక్ష కాగితాలు, పాత లెక్కల నోట్సులు. ఏదో ఒకటి చదవకపోతే పిచ్చెత్తుతుందనిపించి ఒక రోజు, "అత్తా, ఆ గుట్టలోంచి ఒక పిడికెడు ఇటీ" అన్నాను. కాగితం వల్ల ఏ కీడూ జరిగినట్టు ఆమె వినలేదు. ఇచ్చింది.

అందులో ఎవరో పిల్లల మాసపత్రిక ఒకటి చించి అమ్మిన ఆకులున్నాయి. రంగులు వెలిసిపోయిన బొమ్మల కథ. మొదలు లేదు. నడిమధ్య నుంచి ఉంది. ఒక రాణిని మంత్రి మోసంతో దీవిలోని కోటలో బంధించాడు. గడ్డపు మాంత్రికుడొకడు కాపలా. రాణి పావురాల కాళ్ళకు చీటీలు కట్టి పంపుతుంటుంది. నాలుగు ఆకులు. ఎనిమిది పేజీలు. ఇంగ్లీషు మంచు ఊళ్ళ కథలు చదివిన నేను హాస్టల్లో ఉంటే ఆ కథను చూసి నవ్వేదాన్ని. అక్కడ పడుకుని దాన్ని ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. ఫోన్లో బొమ్మ వేలు తగలగానే పోయేది. ఇక్కడ పోదు. పోదు కనుక మిగతావన్నీ కనపడతాయి. రాణి చీర అంచు మూడో పేజీలో ఎర్రది, నాలుగో పేజీలో పచ్చది. కోట కిటికీకి ఒకచోట నాలుగు ఊచలు, ఇంకోచోట ఐదు. ఆ ఐదో ఊచ ఎప్పుడు పెట్టారా అని ఒక మధ్యాహ్నమంతా ఆలోచించాను.

తర్వాతి సంతరోజు సాయంత్రం తలగడ కింద చేయి పెడితే ఆకులు లేవు. పొద్దున పక్క దులిపేటప్పుడు కిందపడ్డాయి, మా అత్త వాటిని గుట్టలో వేసింది, గుట్టతోపాటు సంతకు తీసుకుపోయింది. రాణి ఎవరింటికో నెత్తళ్ళ పొట్లమై పోయింది. నేను ఏడ్చాను. ముందు మెల్లగా, తర్వాత ఎక్కెక్కి. అది కాగితాల కోసం ఏడుపు కాదని నాకు తెలుసు. రెండు నెలల ఏడుపు అది.

మా అత్త బిత్తరపోయి నిలబడింది. "కడుపులో నొప్పా? మళ్ళీ కనపడినాదా?"

"నా కాయితాలు అమ్మేసినావు."

"కాయితాలకా? కాయితాలకు ఏడస్తారామే ఎవరన్నా?" నా నుదుటి మీద చేయి పెట్టి చూసింది. "ఏడవబాక. ఏడిస్తే కింద బిగబడతాది. తెచ్చిస్తాలే."

మా అత్తకు చదువు రాదు. వేలిముద్రే. బస్సు మీది ఊరి పేరు కూడా రంగును బట్టి, అద్దం మీది దేవుడి బొమ్మను బట్టి గుర్తుపడుతుంది. అందుకే ఆమె నాకు తెచ్చిన కాగితాలన్నీ బొమ్మలవే. పాత కాగితాల అంగడిలో కూర్చుని, గుట్టలు తిరగేసి, బొమ్మ ఉన్న ఆకునల్లా ఏరి తెచ్చింది. పిల్లల పత్రికలు, ఎక్కాల పుస్తకాల అట్టలు, సబ్బుల ప్రకటనలు, తమిళంలో అచ్చయిన బొమ్మల కథలు కూడా. తమిళం నాకు మాట్లాడటం వస్తుంది, కూడబలుక్కుని చదవగలను. రాణి కథవి ఇంకో సంచికలోని ఆకులు కూడా దొరికాయి. ఇక బొమ్మల్లేని కాగితాలే పొట్లాలకు సంతకు పోయేవి. బొమ్మలవి మంచం కింద బియ్యం సంచిలో ఉండేవి.

మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆమె నా కాళ్ళ దగ్గర కింద కూర్చునేది. కాళ్ళు ఎత్తులో ఉన్నాయి గనుక ఆమె తల నాకు పాదాల మధ్యలోంచి కనపడేది. మొదట్లో నేను పైకి చదివి వినిపించాను. వినదు. ఆకు తీసుకుని వెలుగుకు పట్టుకుని, ఒక్కో బొమ్మ మీదా వేలు పెట్టి, తన కథ తాను చెప్పుకునేది.

"ఈమెను పురిటికి తెచ్చిపెట్టినారు," అంది రాణిని చూసి.

"కాదత్తా. బంధించినారు. మంత్రి."

"ఎవురు, ఈ గడ్డపాయనా? ఈన డాక్టరుమే. జూడు, చేతిలో మందు బుడ్డి ఉండాది."

"అది మంత్రజలం. ఆడ రాసుంది."

"రాసినోడు రాసినాడు. నాకు కనపడేది నేను జెప్తాండా."

"మరి ఆ పావురాలు?"

"మేపుకుంటాండాది. పొద్దుపోవాల గదా ఈమెకు మాత్రం."

నాకు నవ్వొచ్చింది. నవ్వితే కుట్టు లాగుతుందని నోరు మూసుకున్నాను. ఆమె నవ్వలేదు. ఆమెకు అది నవ్వులాట కాదు. నేను పేజీని పైనుంచి కిందికి గబగబా తినేసేదాన్ని. ఆమె ఒక్కో బొమ్మ దగ్గర ఆగి, మనుషులు ఎవరి వైపు తిరిగి ఉన్నారు, ఎవరి చేతిలో ఏముంది, అన్నం గిన్నె ఎక్కడ పెట్టారు అన్నీ చూసేది. ముందు పేజీకి, వెనక పేజీకి పోయి వచ్చేది. "ఇందాక ఈమె చెవులకు కమ్మలుండాయి, ఇప్పుడు లేవు. అమ్ముకున్నాది" అనేది. బొమ్మ గీసినవాడు మర్చిపోయిందాన్ని ఆమె కథలో కలిపేసుకునేది.

కొన్ని రోజులు ఆ మధ్యాహ్నాల కోసమే పొద్దున కళ్ళు తెరిచాను. అలాగని ఆమె మీద కోపం పోయిందని కాదు. ఆమె లేచి పోయేటప్పుడు బొడ్డులోని తాళంచెవి కదిలిన చప్పుడు విని పళ్ళు కొరికేదాన్ని.

ఏడో నెలలో ఒక రోజు రాణి కథలో కొత్త ఆకు ఒకటి చూస్తున్నాం. ఒకటే పెద్ద బొమ్మ. రాణి కిటికీ పక్కన కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని ఉంది. కింద, రాణి సముద్రాన్ని చూస్తూ తన రాజ్యాన్ని తలచుకుంది అని రాసి ఉంది. మా అత్త దాన్ని చాలాసేపు పట్టుకుంది.

"బిడ్డ పోయినాది ఈమెకు," అంది.

"ఇందులో బిడ్డ ఊసే లేదత్తా."

"చేతులు జూడు. ఎత్తుకోనుంటే ఎవురో వచ్చి తీసేసుకున్నారు. అప్పుడట్నే ఉంటాయి చేతులు. మళ్ళీ మూసుకోవు."

 ఆమె ఆకును మడతపెట్టకుండా పక్కన పెట్టింది.

"నీ మొగుడికంటే ముందు నాకు ఆడపిల్ల పుట్టినాది. వానికి గూడా తెలవదు. పుట్టే పొద్దు గూడా నేను తట్ట ఎత్తుకోని పోయినా. బస్సు దిగేటప్పుడే నొప్పులొచ్చినాయి. ఎనిమిది దినాలు ఉండాది. ఇంత ఉండాది." అరచేయి చూపించింది. "తొమ్మిదో దినం పోయినాది. పదకొండో దినం మళ్ళీ తట్ట ఎత్తినా."

"డాక్టరు ఏమనలేదా?"

"ఏం డాక్టరుమే? నన్ను పండుకో అని జెప్పినోళ్ళు ఒక్కరుంటే గదా."

పక్కింట్లో ఎవరో బిందె కడుగుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంది. ఆమె నా పాదాలు పట్టుకుంది, పిసకడానికి కాదు, ఊరికే పట్టుకుంది. ఆమె ఇంత మెత్తగా ఎప్పుడూ దొరకలేదనిపించింది నాకు. సిగ్గు లేకుండా అడిగేశాను.

"అత్తా, ఫోన్ ఇయ్యి. పక్కకు తిరిగి పండుకోనే చూస్తా. లేచినానంటే నన్ను చెప్పుతో కొట్టు."

"ఇయ్యను."

"ఇంతసేపూ బాగా మాట్లాడతా ఉంటివే!"

"ఇప్పుడు గూడా బాగనే మాట్లాడతాండా. ఫోను ఇయ్యను." లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నెత్తళ్ళు తిరగేయడానికి పోయింది.

ఆమె భయం ఎక్కడిదో ఆ రోజు నాకు అర్థమైంది. అర్థమైనందువల్ల తలుపేమీ తెరుచుకోలేదు. అంతకుముందు ఆమెను తిట్టుకుంటూ పడుకునేదాన్ని, ఇప్పుడు తిట్టుకునే వీలు కూడా లేకుండా పోయింది. అదే కష్టంగా ఉండేది.

ఎనిమిదో నెల చివర్లో వాయుగుండం పట్టి వానలు మొదలయ్యాయి. బోట్లన్నీ హార్బర్‌లో కట్టేశారు. మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. నెత్తళ్ళు ఎండవు, సంతకు పోవడానికి లేదు, ముగ్గురం మూడు రోజులు ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ గడిపాం. మూడో రోజు కిటికీ సందులోంచి నీళ్ళు లోపలికొచ్చి మంచం కింద బియ్యం సంచి తడిసింది. మా అత్త బొమ్మల కాగితాలన్నీ తీసి, ఫ్యాను గాలికి ఆరతాయని నా మంచం మీద నా చుట్టూ పరిచింది. కాళ్ళ మధ్య, చంకల పక్కన, తలగడ మీద. కదిలితే చిరుగుతాయి. ఊపిరి కూడా చూసి పీలుస్తూ ఆ తడి ఎండుచేపల వాసనలో పడుకుని ఉన్నాను. మా ఆయన గుమ్మంలో నిలబడి చూసి, "ఇదేం వ్యాపారమో నాకు తెలవడంలా" అని పోయాడు.

నాలుగో రోజు పొద్దున, టీ తాగుతుండగా ఉమ్మనీరు పోయింది. కావలిలో చూసి నెల్లూరు పొమ్మన్నారు. అంబులెన్సులో మా అత్త నా తల తన ఒళ్ళో పెట్టుకుని, గుంటల్లో పడ్డప్పుడల్లా రెండు చేతులతో నా చెవులు గట్టిగా మూసింది. ఎందుకో నాకు తెలియదు, ఆమెకూ తెలియదేమో. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోలు కూడా లేదు. ఏడ్చింది మాత్రం గట్టిగానే. పదకొండు రోజులు అద్దాల పెట్టెలో పెట్టారు.

తొమ్మిదో రోజు దాటాక మా అత్త జువ్వలదిన్నెకు ఒకసారి పోయి వచ్చింది. వచ్చి, నా మంచం మీద నా ఫోన్ పెట్టింది. ఛార్జర్ వైరు చుట్టి, రబ్బరుబ్యాండు వేసి ఉంది.

"నిండా ఎక్కించి పెట్టినా. మీ యమ్మకు చెయ్యి," అంది. తప్పు చేశాననో, మంచే చేశాననో ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

అమ్మతో మాట్లాడాక గడియారాల అమ్మాయి కథ తెరిచాను. పేరు కొట్టాను. రాలేదు. నేను చదివి దాచుకున్న జాబితాలో దాని స్థానంలో బూడిదరంగు పెట్టె ఉంది, ఈ కథ ఇప్పుడు అందుబాటులో లేదు అని ఇంగ్లీషులో రాసి ఉంది. పాత భాగాలు కూడా లేవు. హాస్టల్ స్నేహితురాలికి, అదే అచ్చు పుస్తకాల పిల్లకు, మెసేజ్ పెట్టాను. బొమ్మలు గీసినామెకూ యాప్ వాళ్ళకూ చెడిందట, తీసేశారట. "నేను చివరిదాకా చదివాలే. తలుపు తీసింది అక్క కాదు. చెప్పనా?" అని అడిగింది. కాసేపు ఆలోచించి, వద్దు అని రాశాను. ఎవరో రెండు ముక్కల్లో చెబితే అది మూడు నెలలు నేను తలుపు బయట నిలబడిన కథ కాదు.

ఇంటికి వచ్చాక ఇటుకలు తీసేశారు. మంచం చదునైంది. గది మాత్రం అదే. బిడ్డ బరువు పెరిగేదాకా గాలికి తిప్పొద్దన్నారు, మూడు నెలలు మళ్ళీ ఆ కిటికీ, ఆ మరక. ఇప్పుడు నా ఫోన్‌కు ఎవరూ అడ్డం చెప్పరు. ఆ రోజుల్లో నాకు ఫోనే సరిపోయింది కూడా. బిడ్డ నా ఎడమచేతి మీద ఇరవై నాలుగు గంటలూ ఉండేది. పుస్తకానికి రెండు చేతులు కావాలి. ఒకటి పట్టుకోవడానికి, ఇంకొకటి ఆకు తిప్పడానికి. ఫోన్‌కు ఒక్క బొటనవేలు చాలు. పాలిస్తూ, జోకొడుతూ, ఒంటి చేత్తో ఎన్నో కథలు చదివాను. ఒక్కటీ గుర్తులేదు. వాటి కోసం పాలివ్వడం ఆపలేదు, వాటి కోసం ఏడవనూ లేదు. కానీ అవి లేకపోతే ఆ మూడు నెలలు గడిచేవి కావు, ఆ మాట కూడా చెప్పాలి.

మా అత్తకు ఒక రోజు ఆశ పుట్టింది. "ఫోన్లో గూడా బొమ్మల కతలుండాయంటివే. చూపీ," అంది. నా పక్కన కూర్చుని చేతులు చీరకు తుడుచుకుని ఫోన్ తీసుకుంది. వేలు పెట్టగానే బొమ్మ పైకి పోయింది. ఇంకోటి వచ్చింది. దాని మీద వేలు పెట్టింది, అదీ పోయింది. కాగితం మీద పెట్టినట్టు వేలు పెట్టి చూడటమే ఆమెకు తెలిసిన చదువు.

"నిలబడదేందిమే ఇది? ఈమె యాడికి పోయినాది?"

"పైన ఉంది. కిందికి లాగు."

కిందికి లాగితే రెండు బొమ్మలు దాటిపోయింది. ఆమెకు కావలసిన ముఖం దొరకలేదు. మూడుసార్లు చూసి ఫోన్ నా ఒళ్ళో పెట్టేసింది. "ఇది పరిగెత్తేవాళ్ళకు. నాకొద్దు," అని లేచింది. ఆ మాటకు నాకెందుకో రోషం వచ్చింది. పరిగెత్తేది ఎవరు, నేనా? గుమ్మం దాటి ఎన్నాళ్ళైంది నేను?

బిడ్డకు నాలుగో నెలలో కావలిలో చూపించాల్సి వచ్చింది. మా ఆయన వేటలో ఉన్నాడు, ఆ రోజు సంత గనుక మా అత్తకు కుదరలేదు. "ఒక్కదానివే పోతావా?" అని నాలుగుసార్లు అడిగింది. పోతానన్నాను. దాదాపు ఎనిమిది నెలల తర్వాత ఒంటరిగా బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. రొయ్యల చెరువులు, తాటిచెట్లు, గట్ల మీద ఆరేసిన బట్టలు, అన్నీ వెనక్కి పోతుంటే తల తిరిగినట్టైంది. మంచం కోడు పట్టుకున్నట్టు ముందు సీటు కడ్డీ పట్టుకున్నాను.

డాక్టరమ్మ బిడ్డ బాగుందంది. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండు అంగట్లో పిల్లల మాసపత్రిక ఒకటి వేలాడుతూ కనపడింది. కొన్నాను. మొదటి పేజీ, చివరి పేజీ రెండూ ఉన్న పత్రికను చేత్తో పట్టుకుని ఎన్నేళ్ళైందో. బస్సులో బిడ్డ భుజం మీద నిద్రపోయింది. ఒంటి చేత్తో తెరవబోయాను. గాలికి ఆకులు ఎగిరి మొహానికి కొట్టుకున్నాయి. మోకాలి కింద పెట్టి చూశాను, జారిపోయింది. రెండుసార్లు వంగి తీశాక సంచిలో పెట్టేసి, ఫోన్ తీసుకుని, బొటనవేలితో ఏదో కథ పైకి తోస్తూ ఊరు చేరాను.

ఇంటికొచ్చి బిడ్డకు నీళ్ళు పోసి, పౌడరు రాసి బయటికి వచ్చేసరికి సంత నుంచి వచ్చిన మా అత్త ముందు మెట్టు మీద కూర్చుని ఉంది. తట్ట పక్కన దించి ఉంది, ఇంకా కాళ్ళు కూడా కడుక్కోలేదు. నా సంచిలోంచి పత్రిక తీసుకుంది. ఒక బొమ్మ మీద వేలు పెట్టి పెదాలు కదుపుతూ ఉంది.

"ఇటియ్యత్తా. నేనింకా తెరవనే లేదు."

"ఉండుమే. ఇంకా సగం ఉండాది."

"చివర్లో ఏమైనాదో అదన్నా జెప్పు."

తల ఎత్తలేదు. "నువ్వు రాసింది చదువుకుంటావు గదా, అది వేరే. నేను జెప్తే నీకు సరిపోదు," అని ఆకు తిప్పింది.

బిడ్డ ఆకలికి చేతుల్లో గింజుకుంటూ ఏడుపు అందుకుంది. నేను బిడ్డను తీసుకుని వెనక గదిలోకి పోయి, తలుపు దగ్గరికి వేసుకుని, మంచం మీద కూర్చున్నాను.